కళ్ళు మూసుకోకుండానే ధ్యానం

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. యాసంగి ధాన్యం దిగే రోజుల్లో లారీల హారన్లు, మిషన్ల రొద, కాటా దగ్గర అరుపులు అన్నీ ఒకేసారి, ఒకే జోరుతో నా చెవిన పడతాయి. సాయంత్రానికి నోట మాట రాదు. ఇంటికొచ్చి చీకట్లో పడుకుంటే అమ్మ "ఎవరన్న ఏమన్న అన్నరా బిడ్డా?" అని అడిగేది. ముప్పై దాటాక హైదరాబాద్‌లో పరీక్షలు చేసి, ఆటిజం అని, అంటే పుట్టుకతోనే నా మెదడు శబ్దాల్ని, మాటల్ని వేరే తీరుగా తీసుకుంటుందని చెప్పాకే మా ఇద్దరికీ సంగతి అర్థమైంది.

టెన్షన్ తగ్గడానికి మైండ్‌ఫుల్‌నెస్, అంటే ఈ క్షణంలో జరిగేదాన్ని మంచీచెడూ అనకుండా గమనించే ధ్యానం, నేర్చుకోమన్నారు. మొదట చేరిన క్లాసులో కళ్ళు మూసుకుని శ్వాసను గమనించమనేవారు. గమనించిన కొద్దీ ఊపిరి సరిగ్గా ఆడుతోందా అన్న భయం పెరిగేది. "ఆలోచనల్ని మబ్బుల్లా పోనివ్వండి" అంటే ఏం చేయాలో తెలిసేది కాదు. కదలొద్దనడం ఇంకా కష్టం. వేళ్ళు ఆడిస్తేనే నాకు మనసు కుదుటపడుతుంది. మానేశాను.

తర్వాత దొరికిన సైకాలజిస్ట్ మేడమ్ నాతో ఓపిగ్గా మాట్లాడారు. అమెరికాలో జాన్ కబట్-జిన్ అనే ఆయన 1979లో మసాచుసెట్స్ యూనివర్సిటీలో మొదలుపెట్టిన మైండ్‌ఫుల్‌నెస్ కోర్సు 8 వారాలదని చెప్పారు. అలాంటి శిక్షణనే నెదర్లాండ్స్‌లో ఆటిజం ఉన్న పెద్దవాళ్ళకు తగ్గట్టు మార్చారట. పోలికలు, రెండర్థాల మాటలు తీసేసి, 9 వారాలకు పెంచారు. 2013లో వచ్చిన ఆ అధ్యయనంలో ఆందోళన, దిగులు, ఒకే ఆలోచన తలలో తిరుగుతూ ఉండటం తగ్గినట్టు తేలింది. నాలాంటివాళ్ళ కోసం ఒకరు కూర్చుని ఇంత ఆలోచించారా అని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఆమె నేర్పినవి చాలా సూటిగా ఉండేవి. "మడమ నేలకు తగులుతోంది. చల్లగా ఉందా, వెచ్చగా ఉందా? రెండు నిమిషాలు చూడండి. ఇక ఆపండి." కళ్ళు తెరిచే ఉంచొచ్చు, వేళ్ళు ఆడించొచ్చు. నాకు అన్నిటికంటే బాగా కుదిరింది బియ్యం. శాంపిల్ ప్లేట్లోంచి గుప్పెడు తీసుకుని, ఏది నిండు గింజో ఏది నూకో చూడకుండా వేళ్ళతోనే పోల్చుకుంటాను. సెలవు రోజు తెల్లవారుజామున సాగర్ ఎడమ కాలువ గట్టు మీద, అడుగు పడే తీరే గమనిస్తూ నడుస్తాను.

ఆకలి, దాహం, అలసట ఒంట్లో మొదలవడం మాలో చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. నాకూ అంతే. ఇప్పుడు దవడ బిగుసుకోగానే పట్టుకోగలుగుతున్నాను. ఇంకా ముదరకముందే లేచి బయటికి వెళ్తాను.

కానీ రొద తగ్గించకుండా మనిషినే ఓర్చుకోమనడం న్యాయం కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం కూడా ఉంది. "సేటూ, నా కుర్చీ కాటాకు దూరంగా వేయించండి" అని అడిగాను. లోపలి గది ఇచ్చారు. చెవులకు మఫ్‌లు పెట్టుకుంటే ఎవరూ ఏమీ అనడం లేదు.

మొదలుపెట్టేవాళ్ళకు ఒక్క మాట. శ్వాస మీద ధ్యాస పెడితే భయం వేస్తే వెంటనే ఆపేసి, చేతికి తగిలే వస్తువు మీదకు మళ్ళండి. మరీ తట్టుకోలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

డీజే పెట్టే బరాత్‌కు ఇప్పటికీ వెళ్ళలేను. తలంబ్రాలు చూసి, అక్షింతలు వేసి వచ్చేస్తాను. ఎందుకని అడిగే చుట్టాలకు ఇప్పుడు అమ్మే జవాబు చెబుతోంది.