ఎరుపు ఎరుపుగానే ఉందా?

నేను గుంటూరులో చెస్ట్ డాక్టర్ని. ఆదివారం వస్తే మాత్రం కెమెరా సంచీ భుజానేసుకుని పొలాల వెంట పడతా.

పోయినేడు జూలైలో సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడటం, గట్టిగా గాలి పీలిస్తే ఎడమ పక్క పోటు. ఇదే మాట పేషెంట్ చెప్తే వెంటనే ఎక్స్‌రే రాసేవాణ్ణి, నా దాకా వచ్చేసరికి నైట్ డ్యూటీలు, నిద్ర లేదు, ఉప్పలపాడు చెరువు దగ్గర లెన్స్ మోసిన నొప్పి అనుకుంటూ మూడు వారాలు లాగించా (లెన్స్ రెండు కిలోల పైనే లెండి). చివరికి నా జూనియర్ వీపు మీద వేలితో తట్టి చూసి, ఏం మాట్లాడకుండా ఎక్స్‌రే రాసేసింది. ఊపిరితిత్తి చుట్టూ నీరు. సూదితో తీస్తే గడ్డి రంగులో వచ్చింది, అందులో ఏడీఏ (టీబీ ఉంటే పెరిగే ఎంజైమ్) బాగా ఎక్కువ. టీబీ. అమ్మయితే వానలో కెమెరా పట్టుకు తిరగబట్టే వచ్చిందని ఇప్పటికీ అంటుంది, వాదించడం మానేశా.

ఆగస్టు నుంచి ఆరు నెలలు బిళ్ళలు. వాటిలో రిఫాంపిసిన్‌కి మూత్రం నారింజ రంగులో వస్తుందని అందరికీ చెప్పేవాణ్ణే కాబట్టి అది చూసి నవ్వొచ్చింది. భయం పుట్టించింది వాటిలోనే ఇంకో మందు, ఎథాంబుటాల్. ఏ కొద్దిమందికో అది కంటి నరాన్ని దెబ్బ తీస్తుంది, ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియకుండా పోవచ్చు. ఇన్నేళ్ళూ పేషెంట్లకి 'చూపు మసకేస్తే చెప్పండి' అని ఒక్క ముక్కలో చెప్పి పంపించా, రంగుల గురించి అడిగిన గుర్తే లేదు. నేను తీసేవేమో మిరప కళ్ళాలు!

గోడకి నేను తీసిన కళ్ళం ఫోటో ఉంది. రోజూ పొద్దున్నే బిళ్ళలు మింగి, ఒక కన్ను మూసి ఒకసారి, రెండోది మూసి ఒకసారి ఆ ఎరుపు చూసేవాణ్ణి. నవంబర్లో ఒకరోజు ఎరుపు కాస్తా ఇటుక రంగులో కనపడింది. చెమటలు పట్టాయి. పరిగెత్తుకెళ్ళి కంటి డిపార్ట్‌మెంట్లో కూర్చుంటే, చుక్కల్లో అంకెలుండే ఇషిహారా పుస్తకం ముందు పెట్టారు, అన్నీ గడగడా చదివేశా. ఇంటికొచ్చి అదే ఫోటో ల్యాప్‌టాప్‌లో తీసి చూస్తే భగ్గుమని ఎరుపు. కిటికీ ఎండకి ప్రింట్ వెలిసిపోయిందన్నమాట!

ఫిబ్రవరిలో కోర్స్ అయిపోయింది, తగ్గిన ఆరు కిలోలూ వచ్చేశాయి. మొదటి ఆదివారమే కళ్ళానికి వెళ్ళా. తాలు కాయలు ఏరుతున్న ఒకావిడ నన్నే చూస్తోంది, అలవాటుగా ఒక కన్ను మూసుకుని నిలబడ్డా మరి.

"కంట్లో కారం పడిందా సారూ?"