ధూపంలో లేని మందు

సాంబ్రాణి పొగ పడితే మోకాళ్ళ వాపు తీస్తుందన్న వాట్సాప్ సందేశం చూపించి, పూర్ణా మార్కెట్లో ఏ రకం కొనమంటావని మా పిన్ని అడిగింది. ఆమెకు చెప్పిన జవాబునే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. వాపు తగ్గించే గుణమున్న చెట్టు బంకలు ఉన్న మాట నిజమే, కాని ఆ గుణం పొగలోకి రాదు.

అసలు సాంబ్రాణి సుమత్రా, లావోస్ వైపు పెరిగే స్టైరాక్స్ చెట్లది. కీళ్ళ మందుల్లో వాడేది మన పొడి కొండ అడవుల్లోని అందుగు చెట్టు బంక. ఆయుర్వేదం దానిని శల్లకి అంటుంది. బెరడుకు గాటు పెడితే కారే ఈ స్రావం గాలి తగిలి పసుపుపచ్చని ముద్దలుగా గట్టిపడుతుంది. ఒక ముక్కను నీళ్ళతో నూరితే పూర్తిగా కరగక నీరు పాలలా తెల్లబడుతుంది, ఎందుకంటే నీటిలో కరిగే జిగురు, కరగని రెసిన్, కొద్దిపాటి సుగంధ తైలం అందులో కలగలిసి ఉంటాయి.

మందు ఉన్నది ఆ కరగని రెసిన్‌లో, బోస్వెల్లిక్ ఆమ్లాల రూపంలో. శల్లకి వాపును తగ్గిస్తుందని జమ్మూలోని ప్రాంతీయ పరిశోధనాశాలకు చెందిన సింగ్, అటల్ 1986లో జంతువులపై ప్రయోగాలతో చూపించారు. అది ఎలా పనిచేస్తుందో జర్మనీలోని ట్యూబింగెన్‌లో అమ్మోన్ బృందం 1990ల మొదట్లో వివరించింది. కణాల పొరల నుంచి విడుదలయ్యే అరకిడోనిక్ ఆమ్లాన్ని 5-లైపాక్సిజినేజ్ అనే ఎంజైము ల్యూకోట్రయీన్లుగా మారుస్తుంది; అవి తెల్లరక్తకణాలను రప్పించి వాపును ఎక్కువ చేస్తాయి. ఇబుప్రోఫెన్ వంటి మాత్రలు సైక్లోఆక్సిజినేజ్ అనే వేరే ఎంజైమును అడ్డుకుంటే, బోస్వెల్లిక్ ఆమ్లాలు, ముఖ్యంగా ఏకేబీఏ అనే రకం, ఈ 5-లైపాక్సిజినేజ్ మీద పనిచేస్తాయి. 2020లో తేలిన సంగతి నాకు మరీ ఆసక్తికరంగా తోచింది: ఏకేబీఏ ఆ ఎంజైము పనిచేసే చోట కాక దూరంగా మరోచోట అతుక్కుని, అది తయారుచేసే పదార్థాలనే మార్చివేస్తుందట.

ఇక పొగ సంగతి. సువాసననిచ్చే పైనీన్ అణుభారం 136 కాగా ఏకేబీఏది 512. అంత బరువైన అణువు తేలికగా ఆవిరి కాదు. ఆవిరితో తీసిన సుగంధ తైలంలోనూ బోస్వెల్లిక్ ఆమ్లాలు దాదాపు ఉండవు కనుక, ఆ తైలపు సీసా మీద కీళ్ళ నొప్పుల మాట కనిపిస్తే నేను నమ్మను. పైగా ఉబ్బసం ఉన్నవారికి ఏ పొగైనా చేటే.

శల్లకి మాత్రల విషయంలోనూ అతిగా ఆశపడకూడదు. కీళ్ళ అరుగుదలపై పలు వైద్య ప్రయోగాల ఫలితాలను కలిపి పరిశీలించిన 2014 నాటి కాక్రేన్ సమీక్ష శల్లకితో నొప్పి కొంతమేర తగ్గిందని చెప్పింది, అంతే. ముడి బంకలో ఏకేబీఏ వాటా చాలా తక్కువ గనుక, కొనేవారు డబ్బా మీద దాని శాతం ఎంతో చూసుకోవాలి. నూనె, నెయ్యి ఉన్న భోజనంతో కలిపి వేసుకుంటే అది రక్తంలోకి బాగా చేరుతుంది. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు మాత్రం వైద్యుణ్ణి అడగకుండా దీని జోలికి పోకూడదు.