గెడ్డ ఎర్రబడిన రోజు

జూన్ 17, రాయగడ (ఒడిశా)

తొలకరి గట్టిగా పడింది. మధ్యాహ్నం గెడ్డ (కొండవాగు) ఎర్రగా పొంగి, పొద్దుగూకేసరికి మళ్ళీ రాళ్ళు తేలింది. అడవున్న కొండ గెడ్డ ఇంత తొందరగా పొంగదు, ఇంత తొందరగా తీయదు. ఆ ఎరుపంతా అడవి నరికి సాగుచేసిన పోడు వాలు మీది పైమట్టే.

ఎడారీకరణ నిరోధ దినం కూడా ఈరోజే. ఎడారి అనగానే వానల్లేని చోటే గుర్తొస్తుంది గానీ, కోరాపుట్, రాయగడ కొండల్లో వాన పడుతూనే నేల చచ్చిపోతోంది. ఆకుచెత్త పోయిన నేలని చినుకు నేరుగా కొడుతుంది. చిట్లిన సన్నమట్టి నేల రంధ్రాల్ని మూసేసి, పైన చెక్కు కడుతుంది. ఇక నీరు ఇంకదు. జారిపోతూ ముందు జీవాంశాన్నీ బంకమట్టినీ పట్టుకుపోతుంది, గులకరాళ్ళు మిగులుస్తుంది. 2021 ఇస్రో అట్లాస్ లెక్కలో దేశంలో 29.77 శాతం నేల క్షీణించింది. అందులో పెద్ద వాటా నీటికోతదే.

తేడా కళ్ళారా చూడాలంటే గుగ్గిలం చెట్ల కింది మట్టిగడ్డ ఒకటి, బోడివాలు మీదిది ఒకటి ఆరబెట్టి చెరో గ్లాసు నీళ్ళలో వెయ్యాలి. మొదటిది చెక్కుచెదరదు. రెండోది బుడగలు వదులుతూ పిండిలా కూలిపోతుంది. వేళ్ళూ శిలీంధ్రాలూ వదిలే జిగురు అందులో లేదు.

పోడుని ఒక్కదాన్నే ఆడిపోసుకోవడం అన్యాయం. పాతరోజుల్లో మోళ్ళు మోకాలెత్తున వదిలేసి, సామ, చోడి, కంది రెండు మూడేళ్ళు పండించి, ఏళ్ళ తరబడి బీడు పెట్టేవారు. ఇప్పుడు బీడు కాలం కుంచించుకుపోయింది, మోళ్ళు వేళ్ళతో సహా పెకలిస్తున్నారు. అసలు నష్టం అక్కడుంది.

జారిపోయే నీటిని ఆపే కందకాలు కొండ నెత్తి నుంచి మొదలెట్టాలి. కింద మొదలెడితే పైనీటి ఉరవడికి పూడిపోతాయి. మట్టం చూడ్డానికి ఆరడుగుల కర్రలు రెండు పైన కలిపి కట్టి, అడ్డకర్ర వేసి, దారానికి రాయి వేలాడదీస్తే చాలు. ఆ కర్రల కాళ్ళు తారుమారు చేసి చూసి, అడ్డకర్ర మీద దారం ఆగిన రెండు గుర్తుల నడుమ గీత పెట్టాలి. దారం ఆ గీత మీద నిలిస్తే మట్టం కుదిరినట్టే. లోతూ వెడల్పూ అడుగున్నర, తవ్విన మట్టి దిగువ గట్టుకి. పొడుగ్గా ఒకటే తవ్వితే నీరు ఒక చివరికి చేరి, అక్కడ తెగి కొత్త గండి పెడుతుంది. అందుకే ముక్కలు ముక్కలుగా తవ్వాలి. గట్టు మీద వట్టివేరు పిలకలు జానెడు దూరం మించకుండా నాటాలి.

మిగిలిన మోళ్ళకి ఈ వానలకే చిగుళ్ళొస్తాయి. ఒక్కోదానికి బలమైన కొమ్మలు రెండుంచి మిగతావి కోసెయ్యాలి. అవి మేకలకి అందనంత ఎత్తు ఎదిగేదాకా ఆ వాలు మీద మేత ఆపాలి.