దండు విడిసిన చోటు

పెళ్లివారిని దింపే ఇంటిని మనం ఇప్పటికీ విడిది అంటాము. దండు వచ్చి ఊరి బయట విడిసింది అని పాతకాలం వాళ్లు చెప్పేటప్పుడు కూడా ఆ ధాతువే పలికేది. పద్దెనిమిదవ శతాబ్దపు సైన్యాలు అలా విడిసిన చోట్లను చేతితో గీసి, రంగులద్దిన పటాలను గత ఏడాదిగా కంప్యూటర్ తెర మీద పెద్దవి చేసుకుని చూస్తున్నాను. ముప్పై ఏళ్లు డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి ఇంట్లో కూర్చున్నవాడికి ఇంతకంటే మంచి కాలక్షేపం దొరకదు.

వీటిలో నన్ను ఎక్కువగా పట్టుకున్నవి, అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో అమెరికన్లకు సాయంగా వచ్చి, రోషంబో సేనాని వెంట నడిచిన ఫ్రెంచి సైన్యపు విడిది పటాలు. 1781 వేసవిలో ఆ సైన్యం ఉత్తరాన రోడ్ ఐలాండ్ నుంచి బయలుదేరి, దక్షిణాన వర్జీనియాలోని యార్క్‌టౌన్ దాకా మజిలీలు చేసుకుంటూ పోయింది; మరుసటి ఏడు తిరుగు ప్రయాణం పట్టింది. ఆ మజిలీలలో దండు ఎక్కడ దిగిందో, బాట ఎటు పోయిందో, వాగు ఎక్కడ అడ్డం వచ్చిందో వేరువేరు పటాలుగా గీసి పెట్టారు. రోషంబో దగ్గరున్న పటాలను 1883లో అమెరికా ప్రభుత్వం కొని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉంచింది. అదే సైన్యంలో పటాలు గీసిన కుర్ర అధికారి లూయీ అలెగ్జాండర్ బెర్తియే కాగితాలు ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. ఆ బెర్తియేయే తరువాత నెపోలియన్‌కు ప్రధాన సిబ్బంది అధికారి అయ్యాడు. సైన్యాన్ని నడిపించే విద్యను ఆయన ముందు గీతల్లో నేర్చుకున్నాడని నాకనిపిస్తుంది.

వృత్తి రీత్యా నా చూపు ముందు సిరా మీదికే పోతుంది. మాచికాయలను అన్నభేది అనే ఇనుప లవణంతో కలిపి చేసిన నల్ల సిరా అది. గీసిన కొత్తలో పలుచగా ఉండి, గాలి తగిలిన కొద్దీ నల్లబడుతుంది, వందేళ్లు గడిచేసరికి గోధుమరంగుకు తిరిగి, సిరా ఎక్కువైన చోట కాగితాన్నే తినేస్తుంది. నీటికి వేసే ఆకుపచ్చ నీలం రంగును రాగి చిలుముతో చేసేవారు. అదీ కాగితానికి శత్రువే. కట్టడాలకు ఎరుపు, గుట్టల వాలుకు కుంచెతో వేసిన నీడ వాష్ లేదా దగ్గర దగ్గరగా గీసిన సన్నని గీతలు. మా రోజుల్లో అమ్మోనియా ప్రింట్ తీస్తే పది నకళ్లు వచ్చేవి కానీ, వాళ్లకు నకలు కావాలంటే మూలం కింద తెల్లకాగితం పెట్టి, ముఖ్యమైన మూలలన్నిటా సూదితో గుచ్చి, ఆ చుక్కలను కలుపుకుంటూ గీయవలసిందే. పొరపాటు గీతను పదునైన కత్తితో గీకి చెరిపేవారు. బ్లేడుతో ట్రేసింగ్ పేపరు గీకినవాడికి ఆ గరుకుతనం వేలికొసకు తెలుస్తుంది.

అయితే అసలు విషయం ఆ దీర్ఘచతురస్రాల్లో ఉంది. దండు దిగడం అంటే ఎక్కడ నీడ ఉంటే అక్కడ గుడారం వేసుకోవడం కాదు. ఒక పటాలం యుద్ధానికి వరుసగా నిలబడితే ఎంత పొడవు వస్తుందో, దాని విడిది ముందుభాగం కూడా సుమారుగా అంతే పొడవు ఉండాలని నియమం. నగారా మోగగానే సిపాయిలు గుడారాల్లోంచి బయటికి వచ్చి నాలుగడుగులు ముందుకు వేస్తే చాలు, వరుస తయారవుతుంది. గుడారాల మధ్య వీధులు ఆ ముందు గీతకు లంబంగా వెనక్కి పోతాయి. ఆ వెనక వంటల పొయ్యిలు, వాటి వెనక అధికారుల డేరాలు. సైన్యం కంటే ముందే కొందరు చిన్న జెండాలు పట్టుకుని వెళ్లి, అడుగులతో నేల కొలిచి, ఎవరి గుడారం ఎక్కడో గుర్తులు పాతి ఉంచేవారు. అంటే కాగితం మీద నేను చూసేది గుడారాల బొమ్మ కాదు, పడుకుని ఉన్న యుద్ధవ్యూహం.

ఈ లెక్కను నమ్మాలంటే నడిచి చూడాలనిపించి, ఒక ఉదయం మలక్‌పేటలోని మా కాలనీ మైదానానికి వెళ్లాను. ఆరు వందల మంది మూడు వరుసల్లో నిలబడితే వరుసకు రెండు వందల మంది; మనిషికి రెండడుగుల చోటు చొప్పున నాలుగు వందల అడుగులు. నా నడక అడుగు రెండుంపావు అడుగులు గనుక, నూట డెబ్బై ఎనిమిది అంగలు వేయాలి. నూట ఇరవైకే మైదానం గోడ వచ్చింది. గేటు గుండా బయటికి వచ్చి మిగతా లెక్క సందులో పూర్తి చేసేసరికి ఇస్త్రీ బండి దాటి, కిరాణా కొట్టు మెట్ల దగ్గర తేలాను. కొట్టతను ఏదైనా పోగొట్టుకున్నారా సార్ అని అడిగాడు. ఒక్క పటాలానికి ఇంత నేల కావాలని పుస్తకంలో చదివితే తెలిసే సంగతి కాదు.

ఇంత ఖచ్చితమైన లెక్క ఉంది గనుకనే ఈ పటాలు రహస్యాలు. శత్రువు చేతికి ఒక్క కాగితం చిక్కితే ఎన్ని పటాలాలో గడులు లెక్కపెట్టుకుంటాడు. విడిదితో శత్రువు కళ్లకు గంతలు కట్టడమూ వాళ్లకు తెలుసు. 1781 ఆగస్టులో రోషంబో న్యూజెర్సీలోని చాథమ్ దగ్గర రొట్టెలు కాల్చే పెద్ద పొయ్యిలు కట్టించాడు. ఫ్రెంచివాళ్లు న్యూయార్క్ ముట్టడికి అక్కడే తిష్ట వేస్తారని ఇంగ్లీషువాళ్లు అనుకోవాలని ఉద్దేశం. సైన్యం దక్షిణానికి జారిపోయి, అక్టోబరు 19న యార్క్‌టౌన్‌లో ఇంగ్లీషు సేనాని కారన్‌వాలిస్ చేత ఆయుధాలు దింపించింది. ఆ కారన్‌వాలిస్సే గవర్నర్ జనరల్‌గా మన దేశానికి వచ్చి, 1792లో శ్రీరంగపట్నం ముందు టిప్పుపై దండు దింపాడు. నిజాం కొడుకు సికందర్ జా ఆ దండులో తమ సైన్యంతో ఉన్నాడు.

మా ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలోనే, మూసారాంబాగ్ గుట్ట మీద, రేమండ్ సమాధి స్తంభం ఉంది. నిజాం కొలువులో ఫ్రెంచి పద్ధతిలో పటాలాలను తీర్చిదిద్దిన ఆయన 1798 మార్చిలో చనిపోయాడు. అదే ఏడు అక్టోబరు 22న, సుమారు పద్నాలుగు వేల మంది ఉన్న ఆ సైన్యం యుద్ధం లేకుండానే కంపెనీవారికి ఆయుధాలు అప్పగించింది. జీతం బాకీల మీద సిపాయిలు ముందురోజే తమ ఫ్రెంచి అధికారులపై తిరగబడడంతో కంపెనీవారి పని తేలికైంది. అందరినీ కాల్బలంగానే లెక్కేసి మూడు వరుసల్లో నిలబెడితే, నా కిరాణా కొట్టు కొలత ప్రకారం, రెండు మైళ్లకు కాస్త తక్కువ పొడవు వస్తుంది. గుట్ట మీద నిలబడి కింది ఇళ్ల కప్పులను చూస్తూ ఆ గీతను ఊహించుకోవడం నాకు అలవాటైపోయింది.

ఈ మధ్య మా కాలనీ ప్లాను మీద ఒక పటాలం విడిదిని స్కేలు ప్రకారం గీస్తూ ఉంటే, మా ఆవిడ వచ్చి కాసేపు చూసి, “ఏమండీ, పొయ్యిలు గీశారు బాగానే ఉంది, వాళ్లకి బియ్యం ఎవరు తెచ్చేవారు?” అని అడిగింది. నా దగ్గర జవాబు ఉంది గానీ కాగితం మీద లేదు. దక్కన్‌లో దండు కదిలితే ధాన్యం మూటలు మోసే ఎద్దుల మందలతో లంబాడీలు కదిలేవారు. 1791లో శ్రీరంగపట్నం దాకా వెళ్లిన కారన్‌వాలిస్, ఎద్దులు చచ్చి, తిండి చాలక, తన పెద్ద ఫిరంగులను తానే ధ్వంసం చేసుకుని వెనుదిరిగాడు. లంబాడీలు, గడ్డి కోసేవారు, నీళ్లు మోసేవారు, దుకాణదారులు సిపాయిల కంటే ఎన్నో రెట్లు ఉండేవారు. నేను చూసిన పటాల్లో వారికి గడి లేదు.

ఊరు మాత్రం వారిని మరచిపోలేదు. హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన కంపెనీ సైన్యం దిగిన చోటు 1806లో సికందర్ జా పేరిట సికింద్రాబాద్ అయింది కానీ, ఆషాఢంలో మనం చేసుకునేది లష్కర్ బోనాలే. లష్కర్ అంటే దండు. అక్కడ జనరల్ బజార్, రెజిమెంటల్ బజార్ అన్న పేర్లు ఇంకా నిలిచే ఉన్నాయి. ఉజ్జయినీ మహంకాళి అమ్మవారిని 1815లో అక్కడ నిలిపినవాడిగా ఆలయ చరిత్ర చెప్పే సూరిటి అప్పయ్య, పటాలంలో డోలీ మోసే మనిషి.

నా పటంలో వంటపొయ్యిల వెనక బజారుకు చోటు వదిలాను. గుడారాల వరుసలన్నిటికీ సిరా పట్టించాను. బజారుకు పొడవు వెడల్పుల నియమం ఏదీ దొరకనందున, దానిని పెన్సిల్ గీతతోనే ఉంచాను.