ఎల్‌పీఎన్ నుంచి ఆర్‌ఎన్‌కి: ఒక్క ఫారం మీద సంతకం కోసం నేను పడ్డ పాట్లు

ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) లైసెన్సు కోసం రాసే ఎన్‌క్లెక్స్ పరీక్ష పాసయ్యానని నిన్న రాత్రే తెలిసింది. అమెరికాలో ఎల్‌పీఎన్‌గా (లైసెన్స్‌డ్ ప్రాక్టికల్ నర్సు, ఆర్‌ఎన్ కంటే ఒక మెట్టు కింద) చేస్తూ, ఆర్‌ఎన్ అవడానికి చదివే బ్రిడ్జ్ కోర్సు గురించి అడిగే మనవాళ్లు చాలామంది ఉన్నారు, అందుకే కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

నేను గుంటూరులో జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేశాను. ఇక్కడికొచ్చాక ఆ చదువుకి గుర్తింపు తెచ్చుకుందామంటే మా స్కూల్ మూతపడింది, ట్రాన్స్‌క్రిప్ట్ (మార్కుల రికార్డు) సీలు వేసి పంపే దిక్కే లేదు. దాంతో ఎల్‌పీఎన్ కోర్సు మొదటి నుంచి చదివి, వృద్ధులుండే ఒక నర్సింగ్ హోమ్‌లో నైట్ డ్యూటీకి చేరాను.

బ్రిడ్జ్‌లో సీటు కోసం కావాల్సిన అనాటమీ, ఫిజియాలజీ, ఎంట్రన్స్ పరీక్ష పెద్ద కష్టం కాదు. వేలిముద్రలు, టీకాల కాగితాలు కూడా వారంలో అయిపోతాయి. నా ప్రాణం తీసింది పనిచేసే చోటు నుంచి తేవాల్సిన అనుభవ ఫారం.

దాన్ని మా డైరెక్టర్ ఆఫ్ నర్సింగ్ నింపాలి. ఇచ్చిన ప్రతిసారీ "టేబుల్ మీద పెట్టి వెళ్లు" అనేది. ఒకసారి ఫారం పోయిందంది, ఇంకోసారి ఆడిట్ ఉందంది. చివరికి నింపి ఇస్తే, నా పని అన్నచోట ఒకటే ముక్క: "నర్సులకు సహాయం చేస్తుంది." దాన్ని చేతిలో పట్టుకుని పార్కింగ్‌లో కారులో కూర్చుని ఏడ్చాను. రాత్రి ముప్పై మందికి షుగర్ చూసి ఇన్సులిన్ ఇచ్చేది, పొట్టకి ట్యూబ్ ఉన్నవాళ్లకి ఫీడింగ్ పెట్టేది, పుండ్లకి కట్లు కట్టేది, ఎవరైనా పడిపోతే డాక్టరుని నిద్రలేపేది నేను. ఆర్‌ఎన్ ఇంట్లో ఫోన్‌కి అందుబాటులో ఉంటుంది, అంతే. ఒక పెద్దాయనకి ఊపిరాడకపోతే ఆక్సిజన్ పెట్టి 911 పిలిచింది నేనైతే, పొద్దున మీటింగ్‌లో మెచ్చుకున్నది సూపర్‌వైజర్‌ని.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఫెడరల్ నిబంధన ప్రకారం నర్సింగ్ హోమ్‌లో ఆర్‌ఎన్ రోజుకి వరసగా 8 గంటలుంటే చాలు, కానీ లైసెన్సున్న నర్సు మాత్రం 24 గంటలూ ఉండాలి. మిగతా 16 గంటలు ఆ లైసెన్సు ఎల్‌పీఎన్‌ది కావచ్చు. ఏ షిఫ్టులో ఎంతమంది ఆర్‌ఎన్‌లు, ఎంతమంది ఎల్‌పీఎన్‌లు ఉన్నారో రోజూ అందరికీ కనబడేలా పెట్టాలి కూడా. అంటే ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినప్పుడు మేం నర్సులం, సంతకం దగ్గరికొచ్చేసరికి సహాయకులమా? మనవాళ్లూ తక్కువేం కాదు. ఉగాది ఫంక్షన్‌లో ఒకావిడ "ఎల్‌పీఎన్ అంటే మనూళ్లో ఆయమ్మ లాగానా అమ్మా?" అని అందరిముందూ అడిగింది. ఏ పనీ చిన్నది కాదు, ఆయా పని కూడా. కానీ తప్పు జరిగితే లైసెన్సు పోయేంత బాధ్యత నా తలమీద ఉన్నప్పుడు నన్ను నర్సు అనకపోవడం అన్యాయం.

మావారు "వదిలెయ్, వచ్చే ఏడాది చూద్దాం" అన్నారు. నేను వదల్లేదు. చేరిన రోజు సంతకం పెట్టిన జాబ్ డిస్క్రిప్షన్ హెచ్‌ఆర్‌లో అడిగి తీసుకున్నా. అందులో "చార్జ్ నర్సు" (షిఫ్టు బాధ్యత చూసే నర్సు) అని స్పష్టంగా ఉంది. దానికి షిఫ్టుల షెడ్యూళ్లు జతచేసి కాలేజీ అడ్మిషన్ల ఆఫీసుకి మెయిల్ పెట్టి, హెచ్‌ఆర్ సంతకం సరిపోతుందా అని అడిగా. సరిపోతుందన్నారు! అంతకాలం ఆ మేడమ్ గుమ్మం దగ్గర నన్నెందుకు నిలబెట్టారో ఆవిడకే తెలియాలి.

కోర్సంతా నైట్ డ్యూటీలు చేస్తూనే చదివాను, మా బ్యాచ్‌లో ఫార్మకాలజీలో నాదే మొదటి మార్కు. ఎన్‌క్లెక్స్ పరీక్ష 85 నుంచి 150 ప్రశ్నలు, ఫలితం తేలిపోతే కంప్యూటరే ముందుగా ఆపేస్తుంది; నాకు 85కే ఆగిపోయింది. ఫీజు 200 డాలర్లు. రెండు పనిదినాల తర్వాత ఇంకో ఎనిమిది డాలర్ల లోపు కడితే క్విక్ రిజల్ట్ కనిపిస్తుంది, ఆ డబ్బు దగ్గర వెనకాడకండి. 2024 లెక్కల్లో ఎల్‌పీఎన్‌ల మధ్యస్థ జీతం ఏడాదికి 62 వేల డాలర్ల పైన, ఆర్‌ఎన్‌లది 93 వేల పైన, కాబట్టి ఈ తిప్పలు పడటంలో అర్థం ఉంది.

సీటు వచ్చేదాకా ఉద్యోగం మానకండి, డైరెక్టర్‌తో గొడవా పెట్టుకోకండి. జాబ్ డిస్క్రిప్షన్ కాపీ మీ దగ్గర లేకపోతే రేపే హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టండి, గడువు దగ్గరపడ్డాక అడిగితే మీకూ నాలాంటి టెన్షనే.