మడమ ముందు

"ఇంత బురదలో పరుగెత్తినందుకు నీకు ఎంత ఇచ్చారే?" అని అమ్మ నన్ను అడిగింది. ఫోనులో వీడియో చూపిస్తున్న నా పద్నాలుగేళ్ల కూతురు, "ఇవ్వరు అమ్మమ్మా, మనమే కట్టాలి" అంది. అమ్మ ఫోను దూరంగా పెట్టి, మళ్లీ దగ్గరికి తెచ్చుకుని చూసింది. నడుము దాకా మట్టితో, పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ నేను.

మేము ఉండేది ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో, అమ్మను చూడడానికి ఊరికి వచ్చాం. షెఫీల్డ్ దాటితే పీక్ డిస్ట్రిక్ట్ కొండలు. అక్కడి పీట్ నేల వేల ఏళ్లుగా నాచు కుళ్లి పేరుకున్నది. చూపుకు మన నల్లరేగడే, కాలు పెడితే మాత్రం నానిన దూదిలా దిగిపోతుంది. ఫిబ్రవరిలో దాని మీద 50 కిలోమీటర్లు పరుగెత్తాను. పరుగు అనడం మర్యాదకే, సగం నడకే. సంచిలో వానకోటు, ఈల, తలకు కట్టుకునే లైటు లేకపోతే బయలుదేరనివ్వరు.

అమ్మది మిర్యాలగూడ దగ్గర, సాగర్ ఎడమ కాలువ కింది పొలం. 1967లో కాలువలకు నీళ్లు వదిలాక మెట్టచేలు వరి మడులయ్యాయి. ఆ కొత్త నీళ్లకు కోడలిగా వచ్చి, నలభై ఏళ్లు నాట్లు వేసింది. నా కాళ్లకు ఆ బురద అంటకూడదని నల్లగొండ హాస్టల్లో ఉంచి చదివించింది. వీడియో చూసి ఆమె ఏమీ అనకపోవడమే నాకు కష్టంగా తోచింది.

పిల్ల ఊరుకోలేదు. వచ్చీరాని తెలుగులో జాస్మిన్ పారిస్ అనే బ్రిటిష్ రన్నర్ కథ మొదలుపెట్టింది. 2019 జనవరిలో స్పైన్ రేసు అనే కొండదారి పరుగు, 268 మైళ్లు, అంటే సుమారు 431 కిలోమీటర్లు. ఆమె 83 గంటల చిల్లరలో, మగవాళ్లందరి కంటే ముందు చేరింది. ఇంట్లో పధ్నాలుగు నెలల పాప. దారిలో మజిలీల దగ్గర ఆగి పాలు పిండుకుంది.

అమ్మ ఆశ్చర్యపోలేదు. "పిండకపోతే గట్టిపడి జ్వరం వస్తుంది" అంది. తరువాత నా వైపు తిరిగి, "నిన్ను వేపచెట్టుకు తొట్టెల కట్టి పడుకోబెట్టేదాన్ని. నువ్వు ఏడిస్తే, నేను గట్టెక్కేలోపే రవిక తడిసేది" అంది. ఈ మాట నాకు అంతవరకూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

మర్నాడు పిల్ల పళ్లున్న బూట్లతోనే దమ్ము చేసిన మడిలో దిగింది. మూడో అడుగుకే ఒక బూటు లోపలే ఉండిపోయింది. నాటేసే ఆడవాళ్లు నడుములు ఎత్తి మరీ నవ్వారు. గట్టు మీద నుంచి అమ్మ, "తిన్నగా లాగితే బురద వదలదు. వేళ్లు కిందికి, మడమ ముందు లేపు" అని కేక వేసింది. మడమ లేస్తే కింద గాలి దూరుతుంది, పట్టు సడలుతుంది. బూట్ల కోసం అంత డబ్బు పోసిన నాకు ఎవరూ చెప్పని సంగతి.

పిల్ల గంటసేపు నాటింది. రెండు మూడు మొక్కలు పెట్టాల్సిన చోట గుప్పెడు పెట్టింది. వెనకాల నాటుతూ వచ్చిన ఒకామె వాటిని పీకి, మాట్లాడకుండా మళ్లీ నాటింది. పిల్ల అది చూసింది, రాత్రి దాకా నాకు చెప్పలేదు. ఫొటో తీయబోయి నేనూ మానేశాను. వాళ్లు సాయంత్రం దాకా వంగే ఉన్నారు.

రాత్రి అమ్మ మనవరాలి కాలివేళ్ల సందుల్లో పసుపు, కొబ్బరినూనె రాసింది. పరుగుకు ముందు నేను అక్కడే వాజలైన్ రాసుకుంటాను. ఆ ఇద్దరి మధ్యా తెలుగూ ఇంగ్లీషూ మోసేది ఎప్పుడూ నేనే. ఆ రాత్రి నన్ను ఎవరూ పిలవలేదు.

మళ్లీ ఫిబ్రవరి వచ్చింది, మళ్లీ పరుగెత్తాను. ఎన్నో స్థానమని అమ్మ అడగలేదు. "బూట్లు ఊడలేదు కదా?" అంది. ఒకటి ఊడిందని నేను చెప్పేలోపు పిల్ల ఫోను లాక్కుంది.

"అమ్మమ్మా, మడమ ముందు లేపలేదు!"