హోండా ఈకే9 కొనుగోలు: ఆటోనగర్ లేత్ షాపు నుంచి జపాను కార్ల వేలంపాట దాకా

బెజవాడలో కూర్చుని జపానులో పాత కారు కొనడం ఏమిటని ఇప్పటికే నలుగురు అడిగారు కాబట్టి, ముందు ఆ సంగతి చెప్పి మొదలుపెడతాను. కారు మెల్‌బోర్న్‌లో ఉంటున్న మా బావమరిదిది. మన దేశంలోకి వాడిన కారు తెచ్చుకోవాలంటే అది తయారై మూడేళ్లు దాటి ఉండకూడదు, ముంబయి రేవులోనే దిగాలి, దిగాక కారు విలువను మించిన సుంకం కట్టాలి. అందువల్ల 1990లలో తయారైన బండి ఆ దారిన మన ఊరు చేరే ప్రసక్తే లేదు. ఆస్ట్రేలియాలో 25 ఏళ్లు నిండిన కారుకు దిగుమతి అనుమతి దొరుకుతుంది, పైగా అక్కడా స్టీరింగు మనలాగే కుడివైపు. డబ్బు అతనిది, చూసే కన్ను నాది అన్నది మా ఒప్పందం. నేను ఆటోనగర్‌లో 22 ఏళ్లుగా లేత్ పని చేస్తున్నాను. సొంతానికి ఒక పాత హోండా సిటీ వీటెక్ ఉంది. దాని ఇంజను రెండుసార్లు విప్పి బిగించిన వాడిని కనుక హోండా బండ్ల రోగాలు కొంత తెలుసునన్న ధీమాతో ఒప్పుకున్నాను.

మేము వెతికింది సివిక్ టైప్ ఆర్, చాసిస్ కోడ్ (బండి మీద గుద్దే మోడలు గుర్తు) ఈకే9. హోండా దీన్ని 1997 ఆగస్టులో జపానులో విడుదల చేసింది, బయటి దేశాలకు అమ్మలేదు. ఇంజను 1,595 సీసీ, టర్బో లేదు, అయినా 8,200 ఆర్‌పీఎం దగ్గర 185 హార్స్‌పవర్ ఇస్తుంది. క్యామ్‌షాఫ్ట్ మీద మామూలు లోబ్‌ల (వాల్వులను నొక్కి తెరిచే ఉబ్బుల) పక్కన ఇంకొక పెద్ద లోబ్ ఉంటుంది. వేగం పెరిగాక ఆయిల్ ఒత్తిడితో ఒక పిన్ జరిగి రాకర్ ఆర్మ్‌లను కలిపి లాక్ చేస్తుంది, అక్కడి నుంచి వాల్వులు ఆ పెద్ద లోబ్ చెప్పినట్టు ఎక్కువసేపు, ఎక్కువ ఎత్తు తెరుచుకుంటాయి. వీటెక్ అంటే ఇదే. మా హోండా సిటీలో ఉన్నదీ ఆ కుటుంబపు ఉపాయమే గాని, రెంటికీ ఉన్న తేడా ఊరి చెరువుకూ కృష్ణకూ ఉన్నంత.

జనవరి, ఫిబ్రవరి

సంక్రాంతి వెళ్లాక బ్రోకరు కోసం వెతకడం మొదలుపెట్టాము. జపానులోని కార్ల వేలాల్లో సభ్యత్వం ఉన్న డీలర్లే పాట పాడగలరు. బయటివాళ్లు బ్రోకరు ద్వారా వెళ్లక తప్పదు. మొదట మాట్లాడిన బ్రోకరు పంపిన వేలం షీటు (బండి స్థితి మీద వేలం తనిఖీదారు రాసే కాగితం) ఫొటోలో కింది మూడోవంతు కత్తిరించి ఉంది. తనిఖీదారు చేత్తో రాసే వ్యాఖ్యలు సాధారణంగా ఉండే చోటే అది. పూర్తి షీటు అడిగితే, గ్రేడు నాలుగు కదా, ఇంకేం కావాలని జవాబు వచ్చింది. అక్కడితో అతనికి నమస్కారం పెట్టాము. రెండో బ్రోకరు పూర్తి షీటు, దాని అనువాదం, వేలం యార్డులో తన మనిషి తీసిన ఫొటోలు కలిపి పంపేవాడు. అతని రుసుము ఎక్కువ. ఆ ఎక్కువ దేనికో తర్వాత తెలిసింది.

షీటు చదవడం నేర్చుకోవడానికి నాకు పదిహేను రోజులు పట్టింది. పైన మొత్తం గ్రేడు ఉంటుంది. పాతికేళ్ల బండికి 4 వస్తే చాలా మంచిదని, 3.5 వస్తే ఫరవాలేదని, ఆర్ అని ఉంటే ప్రధాన నిర్మాణ భాగానికి దెబ్బ తగిలి మరమ్మతు జరిగిందని అర్థం. లోపలి భాగానికి ఏ, బీ, సీ, డీ అని వేరే గ్రేడు. అసలు కథ మాత్రం కారు బొమ్మ మీద వేసిన గుర్తుల్లో ఉంటుంది: ఏ అంటే గీత, యూ అంటే సొట్ట, డబ్ల్యూ అంటే మరమ్మతు చేసిన జాడ అలలా కనిపిస్తున్నదని, ఎస్ అంటే తుప్పు, సీ అంటే లోహాన్ని తినేసిన తుప్పు, ఎక్స్ఎక్స్ అంటే ఆ భాగం మార్చేశారని. పక్కనున్న అంకె పెరిగే కొద్దీ దోషం పెద్దది. సంవత్సరాన్ని వాళ్ల చక్రవర్తి శకంలో రాస్తారు. హేసే 10 అంటే 1998, మన లెక్కలో బహుధాన్య. అయితే అది మొదటి రిజిస్ట్రేషన్ సంవత్సరం. ఆస్ట్రేలియా వాళ్ల 25 ఏళ్ల లెక్క తయారైన తేదీ నుంచి నడుస్తుంది కనుక, ప్రతి బండికీ చాసిస్ నంబరును బట్టి తయారీ నెల ఏమిటో బ్రోకరు చేత రాతపూర్వకంగా తెప్పించుకున్నాము.

టైప్ ఆర్ కొనేవారికి ఇంకొక భయం ఉంది. మామూలు సివిక్‌కు ఎర్ర రెకారో సీట్లు, మోమో స్టీరింగు, ఎర్ర బ్యాడ్జి తగిలించి టైప్ ఆర్ అని అమ్మేవారు ఉంటారు. సీట్లనూ బ్యాడ్జినీ నమ్మడానికి లేదు. ఇంజను గది వెనక గోడ మీద గుద్దిన నంబరు ఈకే9 అని మొదలు కావాలి, ఆ అక్షరాల చుట్టూ వెల్డింగు జాడ గాని కొత్త రంగు గాని ఉండకూడదు. మేము చూసిన ప్రతి కారుకూ మొదట అడిగింది ఆ ఒక్క ఫొటోనే.

మార్చి, ఏప్రిల్

టోక్యో దగ్గర నోడాలో జరిగే యూఎస్ఎస్ టోక్యో వేలం గురువారాల్లో ఉంటుంది. జపాను మనకంటే మూడున్నర గంటలు ముందు కాబట్టి, అక్కడ మధ్యాహ్నం ఒంటిగంటకు వచ్చే బండి మనకు ఉదయం తొమ్మిదిన్నరకు వస్తుంది. బుధవారం రాత్రి షాపు కట్టేశాక షీట్లు చదవడం, గురువారం పొద్దున లేత్ ఆపి ఫోను పట్టుకుని కూర్చోవడం అలవాటైపోయింది. ఒక్కో బండి పాట కొన్ని సెకన్లలోనే ముగిసిపోతుంది. మన వైపు పంచాయతీ చేపల చెరువు పాటలా బేరానికి, బతిమాలడానికి తావు ఉండదు.

మొదటి కారు తెలుపు, గ్రేడు 4. మా హద్దు 28 లక్షల యెన్లు, అంటే మన డబ్బులో 16 లక్షల చిల్లర. పాట దాన్ని దాటి ఎక్కడికో పోయింది. చెప్పుకోవడానికి అంతకంటే ఏమీ లేదు.

రెండో కారు గురించి మాత్రం చెప్పాలి. గ్రేడు 3.5, నడిచింది 1,12,000 కిలోమీటర్లు, ఫొటోల్లో కడిగిన ముత్యంలా ఉంది. ఎడమ వెనక చక్రం పైన డబ్ల్యూ2 అని ఒక్క గుర్తు. ఆ తరం సివిక్‌లకు వెనక చక్రాల పైనున్న ఆర్చ్ అంచు లోపలి నుంచి తుప్పు పట్టడం ప్రసిద్ధమైన జబ్బు. మా పక్క షెడ్డులో టింకరింగు చేసే పెద్దాయనకు ఫొటో చూపించాను. ఆయన బొటనవేలికి అంటిన లప్పం ప్యాంటుకు తుడుచుకుని, ఫోనులో ఫొటోను పెద్దది చేసి, కుడివైపు ఆర్చ్ అంచునూ ఎడమవైపు అంచునూ మార్చి మార్చి చూశారు. కుడి అంచు మడత సన్నగా, బ్లేడులా ఉంది. ఎడమ అంచు ఉబ్బిన పెదవిలా గుండ్రంగా ఉంది. "రేకు మడత ఇంత లావు ఉండదబ్బాయ్. లోపల తుప్పు గీకకుండానే లప్పం నింపి రంగు కొట్టారు. రెండు వానాకాలాలు ఆగుతుంది, మూడో దానికి బుడగలు లేస్తాయి," అన్నారు. ఆ మాట బ్రోకరుకు రాసేలోపే అతని దగ్గర నుంచి సందేశం వచ్చింది: యార్డులో తన మనిషి అయస్కాంతం పెట్టి చూశాడట, ఆ అంచు దగ్గర అది అంటుకోలేదట, పాట పాడవద్దని సలహా. ఆటోనగర్ షెడ్డూ నోడా యార్డూ ఒకే మాట చెప్పిన ఆ సాయంత్రం నాకు బ్రోకరు మీద గురి కుదిరింది.

మూడో కారు దగ్గర నేనే తప్పు చేయబోయాను. గ్రేడు ఆర్, రేడియేటరు ముందుండే కోర్ సపోర్టు దగ్గర ఎక్స్ఎక్స్, ధర తక్కువగా పలుకుతుందని అంచనా. ముందు భాగం బోల్టులతోనో వెల్డుతోనో మార్చుకోవడం మనకు రోజువారీ పనే కదా, తీసుకుందామని వాదించాను. బావమరిదీ సరే అన్నాడు. బ్రోకరు మాత్రం చాసిస్ రైలు కొసలో ఒక ముడత ఫొటో పంపి, మీరు పట్టుబడితే పాడతాను గాని నా తరఫున వద్దనే రాసుకోండి అన్నాడు. పాట జరిగితేనే రుసుము ముట్టే మనిషి వరసగా రెండు బండ్లు వద్దనడం చూశాక, ఆ రుసుము ఎక్కువన్న మాట నేను మళ్లీ ఎత్తలేదు.

మే

నాలుగోది నలుపు. హేసే 11, గ్రేడు 3.5, లోపల సీ, నడిచింది 1,48,000 కిలోమీటర్లు. తలుపుల మీద ఏ2 గీతలు, బానెట్ మీద యూ1 సొట్ట, అడుగున ఎస్. వెనక ఆర్చ్‌ల దగ్గర ఏ గుర్తూ లేదు. వ్యాఖ్యల్లో డ్రైవరు సీటు అంచు చిరిగిందని, స్టీరింగు అసలుది కాదని ఉంది. రెండు ఆర్చ్ అంచులూ బ్లేడులాగే ఉన్నాయని పెద్దాయన ఒప్పుకున్నారు. ఆ గురువారం బెజవాడలో ఎండ పొద్దున్నే మాడ్చేస్తోంది, షాపులో కరెంటు పోయింది, ఫోను ఛార్జింగు 11 శాతం. 26 లక్షల 40 వేల యెన్లకు పాట మాకు ఖరారైంది. "బావా, అయిపోయిందా? నిజంగానా?" అని అవతల నుంచి బావమరిది మూడుసార్లు అడిగాడు.

ఆ తర్వాతి కాగితాల పని పాటకంటే పెద్దది. కారు జపాను రిజిస్ట్రేషన్ రద్దు చేయించి ఎగుమతి ధ్రువపత్రం తీసుకోవడం బ్రోకరు పని. చాసిస్ నంబరు చేతిలో ఉంటేనే ఆస్ట్రేలియా దిగుమతి అనుమతికి దరఖాస్తు చేయగలం, అనుమతి రాకుండా ఓడ ఎక్కించకూడదు. ఈ రెంటి మధ్య కారు యొకొహామా యార్డులో నిలిచి ఉన్నన్నాళ్లూ స్థలం అద్దె నడుస్తూ ఉంటుంది. దరఖాస్తు పత్రాలన్నీ ముందే నింపి పెట్టుకుని, నంబరు గడి ఒక్కటి ఖాళీగా ఉంచుకోవలసింది. మేము అలా చేయలేదు, వారం రోజుల అద్దె దండగ అయ్యింది.

ఇంకొక మెలిక ఆస్బెస్టాస్, ఊపిరితిత్తులకు హాని చేసే రాతినార. ఆస్ట్రేలియాలో ఆస్బెస్టాస్ ఉన్న వస్తువు ఏదీ దిగుమతి కాకూడదు. ఆ కాలపు కార్లలో బ్రేక్ ప్యాడ్లలో, క్లచ్ ప్లేటులో, గ్యాస్కెట్లలో అది ఉండే అవకాశం ఉంది. ఓడ ఎక్కకముందే ప్యాడ్లు మార్పించి, ఎగ్జాస్ట్ గ్యాస్కెట్ల ముక్కలు పరీక్షకు పంపించి, నివేదిక తీసుకున్నాము. ఈ ఖర్చు మా మొదటి లెక్కలో లేనే లేదు.

ఆగస్టు

కారు మెల్‌బోర్న్ రేవులో దిగింది. జీవభద్రత తనిఖీ వాళ్లు మట్టి, గింజలు, ఆకులు వెతుకుతారు. విండ్‌షీల్డ్ కింది కాలువలో గుప్పెడు పైన్ సూదులు దొరికాయని మళ్లీ కడిగించి, ఆ బిల్లు కూడా మా చేతిలో పెట్టారు. ధరకు ఓడ కిరాయి, బీమా కలిపిన మొత్తం మీద 10 శాతం జీఎస్‌టీ. బ్రోకరు రుసుము, యార్డు అద్దె, రేవు ఖర్చులు, కొత్త టైర్లు, బండి రోడ్డు మీద తిరగడానికి తగునని ఇచ్చే రోడ్‌వర్తీ సర్టిఫికెట్ అన్నీ కలిపితే పాట ధరకు దాదాపు సగం మళ్లీ పైన పడింది. హద్దు 28 లక్షలు అనుకున్నప్పుడు ఈ సగం మా బుర్రలో లేదు, అదృష్టం కొద్దీ బావమరిది బ్యాంకులో ఉంది.

షీటులో లేని దోషాలు రెండు బయటపడ్డాయి. వేలం తనిఖీదారు బండిని రోడ్డు మీద తోలి చూడడు కనుక అతన్ని తప్పుపట్టలేను. ఒకటి, ఇంజను చల్లగా ఉన్నప్పుడు రెండు నుంచి మూడో గేరుకు త్వరగా వేస్తే గరగరమంటోంది, గేర్ల వేగాన్ని కలిపే సింక్రో అరిగింది. ఆయిల్ మార్చి చూశాము, కొంత తగ్గింది, గేర్‌బాక్సు దించడం వచ్చే చలికాలానికి వాయిదా వేశాము. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో రుజువు లేదు. అది తెగితే ఈ ఇంజనులో పిస్టన్లు వాల్వులను గుద్దుతాయి కాబట్టి, కారు ఇంటికి చేరిన వారంలోనే బెల్టు, టెన్షనరు, వాటర్ పంపు మార్పించాము.

రెండోది గేరు రాడ్డు దగ్గర బుష్‌లు అరిగి, లివరు న్యూట్రల్‌లో కూడా గరిటెలా ఊగడం. ఇది నా పని. వీడియో కాల్‌లో బావమరిది చేత వెర్నియర్ కాలిపర్ పట్టించి, లోపలి కొలతా బయటి కొలతా మూడేసి సార్లు చదివించాను. ఆటోనగర్‌లోనే డెల్రిన్ అనే గట్టి ప్లాస్టిక్ కడ్డీ కొని, రెండు బుష్‌లు తిప్పి, ఊరికి వచ్చిన మిత్రుడి చేత పంపాను. అవి బిగువుగా కూర్చోలేదు, వదులయ్యాయి. విచారిస్తే తేలింది ఏమిటంటే, కొలిచేటప్పుడు గొట్టం లోపల పాత గ్రీజు పొర అలాగే ఉంది, కొలత మిల్లీమీటరులో పదో వంతు తక్కువ చూపించింది. బుష్ బయటి వ్యాసాన్ని కొలత కంటే కొంచెం ఎక్కువ ఉంచి, అవసరమైతే అక్కడే ఎమరీ కాగితంతో సర్దుకోమని చెప్పి ఉంటే సరిపోయేది. రెండో జత తిప్పడం పూర్తయింది. అతను గొట్టాన్ని కిరోసిన్‌తో కడిగి మళ్లీ కొలిచిన అంకెలు నిన్న రాత్రి పంపాడు. ఈ జత దసరాకు వచ్చే వదినగారి సంచిలో తిరుగు ప్రయాణంలో వెళుతుంది.